మధుమేహ పాదవ్రణం: వృద్ధుల ఆహారం

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ మొద్దుబారి, రక్తప్రసరణ తగ్గితే చెప్పు ఒరుసుకున్న బొబ్బ కూడా మొండి పుండవుతుంది. పుండు మానాలంటే రక్తంలో చక్కెర అదుపులో ఉండాలి, ఒంట్లో కొత్త కండ కట్టే సరుకూ ఉండాలి. వృద్ధుల విషయంలో ఈ రెండోదాన్నే ఎక్కువగా మరుస్తారు.

షుగర్ భయంతో పప్పూకూరా తగ్గించి, పళ్లు లేవని చారన్నం, మజ్జిగన్నంతో సరిపెడితే మిగిలేది పిండిపదార్థమే. గాయమున్న వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు సాధారణంగా సూచిస్తారు. 50 కిలోల మనిషికి 60–75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కనుక ముద్దపప్పు, గడ్డపెరుగు, ముల్లు తీసిన చేప పూటపూటకూ పడాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ లెక్క వర్తించదు, మోతాదును వైద్యుడే చెప్పాలి.

రాగిజావకున్న మంచిపేరు కొంత అతిశయమే: మెత్తగా కాచిన జావ చక్కెరను త్వరగా పెంచగలదు. మందుల విషయంలోనూ జాగ్రత్త: షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. ఆ లోపం నరాల తిమ్మిరిని పెంచవచ్చు. ఇన్సులిన్ వేసుకుని భోజనం మానడం ప్రమాదకరం.

ఖరీదైన పొడి డబ్బాలపై ఆశ పెట్టుకోనక్కర్లేదు. పుండు మాన్పడం కోసమే పోషక సప్లిమెంట్లు వాడాలని అంతర్జాతీయ మధుమేహ పాద కార్యవర్గం 2023 మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. పాదంపై భారం తగ్గించడానికి, పుండును శుభ్రం చేయించడానికి, రక్తప్రసరణ పరీక్షలకు ఆహారం ప్రత్యామ్నాయం కాదు.