వేగమందుకోలేని కారు – కార్బ్యురేటరు చరిత్ర

మోటారు కారు నిలకడగా పోతున్నంతసేపు దానిలోని లోపాలు సాధారణంగా బయటపడవు. ముందు పోయే లారీని దాటడానికో, ఘాటురోడ్డు ఎక్కడానికో ఆక్సిలరేటరును ఒక్కసారిగా నొక్కినప్పుడు కొన్ని కార్లు వేగం అందుకోవడానికి బదులు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతాయి. ఎదురుగా మరొక వాహనం వస్తున్న సమయంలో ఇది ప్రాణాపాయకరం. ఎక్కువ బలం కోరినప్పుడే ఉన్న బలం కూడా పోవడం విచిత్రంగా తోస్తుంది. ఈ విచిత్రాన్ని అదుపులోకి తేవడానికి యంత్రనిర్మాతలు దశాబ్దాల తరబడి శ్రమించవలసి వచ్చింది.

పెట్రోలు ద్రవరూపంలో ఉండగా ఇంజనులో సరిగా మండదు. అది ఆవిరియై గాలితో తగిన పాళ్లలో కలవాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి మరీ ఎక్కువైతే మిశ్రమం పలచబడుతుంది. నిప్పురవ్వ తగిలినా అంటుకోదు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల కారులో గాలి పెట్రోలు ఉపరితలం మీదుగా పోతూ ఆవిరిని వెంట తీసుకుపోయేది. మెల్లగా నడిచే ఆ చిన్న యంత్రానికి అది చాలింది. ఇంజన్ల శక్తి పెరిగేసరికి ఆ పద్ధతి చాలలేదు.

1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాహ్, హంగరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బ్యురేటర్లను రూపొందించారు. గాలి ఇరుకైన గొంతు గుండా పోయేటప్పుడు దాని వేగం హెచ్చి, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వలన జెట్టు అనే సన్నని గొట్టంలోనుంచి పెట్రోలు పైకి లేచి తుంపరగా చెదురుతుంది. దోమల మందు చిమ్మే ఫ్లిట్టు పంపు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

అయితే ఇందులోనే ఒక చిక్కు వున్నది. ఆక్సిలరేటరును నొక్కితే తెరుచుకునేది గాలిదారిలోని త్రాటిలు రేకు మాత్రమే. గాలి తేలికైనది గనుక వెంటనే లోనికి దూసుకుపోతుంది. అంతే ఘనపరిమాణం గల గాలి కంటే పెట్రోలు సుమారు 600 రెట్లు బరువైనది. అది కదలడానికి కొంత వ్యవధి పడుతుంది. అంతేకాక త్రాటిలు తెరుచుకోగానే లోపలి నాళంలో పీడనం పెరిగి, పెట్రోలు ఆవిరి కావడం కష్టమవుతుంది. కొంత పెట్రోలు నాళం గోడలకు తడిగా అంటుకుపోతుంది. భోజనాల పంక్తిలో అందరూ ఒక్కసారిగా ఆకుల ముందు కూర్చున్నారు. వడ్డించేవాడు మాత్రం ఇంకా వంటింటిలోనే వున్నాడు. ఆ కొద్దిక్షణంలో మిశ్రమం పలచబడి ఇంజను తడబడుతుంది. లోపం తీవ్రమైతే ఆగిపోతుంది.

ఈ లోటును పూడ్చడానికి పలువురు పలు మార్గాలు తొక్కారు. 1906లో ఫ్రాన్సులోని లియాన్‌కు చెందిన ఫ్రాన్సువా బావెరీ రెండవ జెట్టును చేర్చాడు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు దానికి సంబంధించిన చిన్న బావిలో కొంత పెట్రోలు నిలువచేరి, త్రాటిలు తెరిచినప్పుడు అక్కరకు వచ్చేది. జెనిత్ కార్బ్యురేటర్ల ప్రసిద్ధికి ఇది మూలం. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు గాలిదారి వెడల్పే మారే ఎస్.యు. కార్బ్యురేటరును నిర్మించారు. వారిది పాదరక్షల వ్యాపారం చేసే కుటుంబం. తొలి నమూనాలలో వాడినది తోలుతిత్తి. తరువాత దాని స్థానంలో లోహపు పిస్టను వచ్చింది. ఆ పిస్టను మరీ త్వరగా లేవకుండా దానిలోని నూనె అడ్డుపడుతుంది; అందువలన పీల్పు పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. అంబాసిడరుకు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డు కారులో వున్నది ఈ జాతి కార్బ్యురేటరే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఆక్సిలరేటరుతో కలిసి కదిలే చిన్న పంపు వాడుకలోకి వచ్చింది. కాలు నొక్కగానే అది గాలి గొంతులోకి కొంత పెట్రోలును సూటిగా చిమ్ముతుంది.

మెకానిక్కుల నిదానం కూడా ఈ చరిత్రలో భాగమే. కారు ఎప్పుడు తడబడుతున్నదో గమనిస్తే, ఎందుకు తడబడుతున్నదో చాలవరకు తెలిసేది. నొక్కిన మరుక్షణమే తడబడి, తరువాత తేరుకుంటే అనుమానం పంపు మీదికో, ఎస్.యు. అయితే ఎండిపోయిన నూనె మీదికో పోయేది. ఇంజను ఆపి, గాలి వడపోతను తీసి, ఆక్సిలరేటరును కదిపి చూసేవారు. పెట్రోలు ధార కనబడకపోతే పంపు తోలువాషరు అరిగిందనో, జెట్టు పూడుకుపోయిందనో అర్థం. కొంతసేపు బాగా లాగి, ఎత్తు ఎక్కుతూ ఆగిపోయి, కాసేపటికి మళ్లీ నడిస్తే లోపం పెట్రోలు సరఫరాలో వున్నట్లు. మురికిపట్టిన వడపోత, బలహీనమైన పంపు, లేక ఎండవేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై దారికి అడ్డుపడడం ఇందుకు కారణాలు. మన వేసవులలో పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టడం ఈ చివరి బాధకు చికిత్స. బరువు లాగేటప్పుడు మాత్రమే కుదుపులతో పేలుళ్లు తప్పుతుంటే ప్లగ్గులను చూసేవారు. సిలిండరులో పీడనం పెరిగినకొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి.

1967లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ నాళంలోని పీడనాన్ని విద్యుత్ పరికరంతో కొలిచి, తగినంత పెట్రోలును చిమ్మే పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో ప్రవేశపెట్టింది. మనదేశంలో 2000 సంవత్సరంలో పొగ నియమాలు కఠినమైన తరువాత కొత్త కార్లలో కార్బ్యురేటరు క్రమంగా కనుమరుగయింది. అయినా నాళం గోడలు నేటికీ తడుస్తూనే వున్నాయి. నాళంలోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో కాలు నొక్కగానే కంప్యూటరు లెక్కగట్టి కొంత పెట్రోలును అదనంగా పంపుతుంది. గాలిని కొలిచే పరికరానికి మురికిపట్టి లెక్క తప్పితే కొత్త కారు కూడా పాత కారువలెనే తడబడుతుంది. పరికరాలు మారినా, తేలికైన గాలికీ బరువైన పెట్రోలుకూ మధ్యనున్న ఆ కొద్దిక్షణపు ఎడం మారలేదు.