తూటా ఎవరిదైతే తుపాకీ వాళ్ళదే

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

నేను అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మాది రంపచోడవరం పైన కొండరెడ్ల ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. మొన్న మా రూములో తమ్ముడొకడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఒకాయన గొట్టం ఒక కంపెనీది, కట్టె ఇంకో కంపెనీది, ట్రిగ్గర్ మరో కంపెనీది కొని, బల్ల మీద పెట్టుకుని పాయింట్ టూ టూ రైఫిల్ బిగించేస్తున్నాడు. అక్కడ రూగర్ 10/22 అని 1964 నుంచి వస్తున్న చిన్న రైఫిల్ ఒకటుంది. దానికి బయటి కంపెనీలు ఎన్ని విడిభాగాలు చేస్తాయంటే, రూగర్ వాళ్ళ ముక్క ఒక్కటి కూడా లేకుండా అలాంటి తుపాకీ తయారైపోతుంది.

"అన్నా, మన తాతలు నాటు తుపాకులు పట్టినోళ్ళే కదా. మనం ఎందుకు చేసుకోకూడదు?" అన్నాడు తమ్ముడు.

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా మామ నాటు తుపాకీ కేసులో వాయిదాలకి తిరగడం నేను చిన్నప్పుడు చూశాను. చేలో పందులు పడుతున్నాయని పెట్టుకున్న తుపాకీ అది. ఆ కేసుకి మేకలు పోయాయి, అత్త చెవులవి పోయాయి. అందుకే వాడికి అప్పుడు చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నా.

మన చేతిలో ఏ తుపాకీ ఉండాలో మనం ఎప్పుడూ నిర్ణయించలేదు. 1857 తిరుగుబాటు చూసి బ్రిటిష్ వాళ్ళు ఒక పాఠం నేర్చుకున్నారు. రైఫిల్ అంటే గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గుండు తిరుగుతూ పోతుంది కాబట్టి దూరం పోతుంది, గురి తప్పదు. 1857 తర్వాత వాళ్ళు ఇక్కడి సిపాయిల కోసం ఆ గాడులు లేని నున్నటి గొట్టాల తుపాకులు చేయించారు. పైకి చూస్తే అదే తుపాకీ, దెబ్బ మాత్రం దగ్గరికే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో కూడా ఇలాంటి పనే చేశారు. పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళనే మార్చి, పాయింట్ 410 మస్కెట్లు చేశారు. గొట్టం నున్నగా ఉంటుంది, ఒకసారికి ఒకే తూటా. పోలీసులకీ కాపలావాళ్ళకీ అవి ఇచ్చారు. అంటే విడిభాగాలు మార్చి తుపాకీని తమకి కావలసినట్టు చేసుకునే పని కొత్తదేమీ కాదు. అప్పుడు సర్కారు చేసింది, అదీ తుపాకీ బలం తగ్గించడానికి. తన దగ్గర జీతం తీసుకునేవాడినే నమ్మని సర్కారు, కొండ మీద మనల్ని నమ్ముతుందా?

1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకి మినహాయింపు. మరుసటి ఏడాది మార్చిలోనే రంపలో తిరుగుబాటు లేచింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్ళు, అప్పుల పేరుతో భూములు పోవడం, ఇవీ కారణాలు. కారం తమ్మన్నదొర నడిపించాడు. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టాడు. అణచడానికి మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు కావలసి వచ్చాయి. మందు దట్టించి కాల్చే తుపాకులు, విల్లు, బాణం పట్టుకున్న మనవాళ్ళ మీదకి అంత సైన్యం!

తర్వాతి కథ అందరికీ తెలిసిందే, కానీ తూటాల వైపు నుంచి చూడండి. అల్లూరి సీతారామరాజు కొంతకాలం నరసాపురంలో చదువుకున్నారు. మా వైపు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే వచ్చేది ఆ నరసాపురమే. నేను ఆ రేవులో నిలబడ్డప్పుడల్లా అనుకుంటాను, ఈ నీళ్ళు మా కొండల మధ్య నుంచే కదా దిగొచ్చాయని.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి వెళ్ళేవారు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి మన దొరలు ఆయన పక్కనే ఉన్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు.

ఇప్పుడు లెక్క వేయండి. 26 తుపాకులకి 2,500 తూటాలంటే ఒక్కో తుపాకీకి దాదాపు వంద. తూటా చేసే ఫ్యాక్టరీ కొండ మీద లేదు. అయిపోతే మళ్ళీ స్టేషనుకే పోవాలి. సర్కారుకీ ఆ సంగతి అర్థమైంది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకి వెళ్తే ఆయుధాలు దొరకలేదు, ముందే తీసేశారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర గట్టి దెబ్బ తగిలింది. మలబార్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. 1924 మే 7న కొయ్యూరులో రాజుగారిని చంపేశారు. ధైర్యం తక్కువై కాదు తమ్ముడూ. ధైర్యం మనది, అడవి మనది, తూటా మాత్రం వాళ్ళది.

ఆ లెక్క ఇప్పటికీ మారలేదు. నేను ఎన్‌సీసీలో ఉన్నాను. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చాను. కాల్చాక హవల్దారు సారు ఐదు ఖాళీ కేసులు ఏరించి లెక్కపెట్టుకున్నారు. ఒకటి గడ్డిలో పడితే దొరికేదాకా కదలనివ్వలేదు.

వీడియోలో ఆయనకి అది సరదా పని. మనకి కాదు. 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్ చదవండి. తుపాకీ ఒక్కటే కాదు, దాని విడిభాగాలు, తయారుచేసే యంత్రాలు కూడా "ఆయుధాల" కిందకే వస్తాయి. లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ళు, యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. ఆ ఏడేళ్ళు డిగ్రీ కన్నా, బీఈడీ కన్నా, గ్రూప్స్ ప్రిపరేషన్ కన్నా పెద్దవి. కేసు పడితే పోలీసు వెరిఫికేషన్ దగ్గరే ఉద్యోగం ఆగిపోతుంది. మా మామకి పోవడానికి మేకలున్నాయి. మనకున్నది ఈ చదువొక్కటే.

చివరగా మల్లుదొర గురించి ఒక్క మాట. ఆయన పట్టుబడ్డాడు, ఉరిశిక్ష పడింది, అది ద్వీపాంతరంగా మారి అండమాన్ వెళ్ళాడు. బతికి తిరిగొచ్చాడు. 1952లో దేశంలో మొదటి ఎన్నికలు జరిగితే విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. తెల్లవాడి తూటా కోసం స్టేషన్ ముట్టడించిన దళం మనిషి, ఓటుతో ఢిల్లీ వెళ్ళాడు. ఓటు అయిపోయే సరుకు కాదు, దాని కోసం ఎవరి స్టేషనుకీ పోనక్కర్లేదు.

2022 ఏప్రిల్ 4న ఒకే రోజు రెండు జిల్లాలు పుట్టాయి. పైన అల్లూరి జిల్లా, కింద కోనసీమ. నేను కొండకీ కోనసీమకీ మధ్య బస్సులో తిరిగే పిల్లాణ్ణి. తమ్ముడూ, ఆ వీడియో ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ తాతనడుగు, ఆయన తాత ఏ ముఠాలో ఉండేవాడో, 1879లో, 1922లో మీ ఊళ్ళో ఏం జరిగిందో. రాసుకుని తీసుకురా. ఇక్కడ అందరం చదువుతాం.

జోహార్.