చక్కెర కొలత రోగి చేతికి వచ్చిన చరిత్ర

మధుమేహం జీవితాంతం వెన్నంటి ఉండే వ్యాధి కనుక దానిని అదుపులో ఉంచుకునే భారం వైద్యుడి కన్నా రోగి మీదనే ఎక్కువగా పడుతుంది. అయితే అందుకు అత్యవసరమైన సాధనం, అంటే ఒంట్లోని చక్కెరను ఎప్పటికప్పుడు కొలుచుకునే వీలు, రోగికి చాలా ఆలస్యంగా దక్కింది.

1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఇగిర్చి, అడుగున మిగిలిన తెల్లని పదార్థం చక్కెరలా తియ్యగా ఉందని చూపాడు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిన తరువాత, ఆ మందు మోతాదును రోజూ సరిచూసుకోవలసిన అవసరం రోగుల ఇళ్లకు వచ్చింది. బోస్టన్ వైద్యుడు ఇలియట్ జోస్లిన్ ఆహారాన్ని తూచి తినడం, మూత్రాన్ని పరీక్షించుకోవడం రోగులకు పాఠాలుగా నేర్పాడు. స్టాన్లీ బెనెడిక్ట్ రూపొందించిన నీలిరంగు రాగి ద్రావణాన్ని 5 మిల్లీలీటర్లు పరీక్షనాళికలో పోసి, 8 చుక్కల మూత్రం కలిపి కాచితే, చక్కెర హెచ్చేకొద్దీ అది ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల మీదుగా ఇటుక ఎరుపుకు తిరిగేది. కానీ రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప మూత్రపిండాలు దానిని బయటికి వదలవు. పైగా ఆ రంగు గడిచిన గంటల సంగతే చెప్పేది. అందువల్ల ఇన్సులిన్ వాడేవారికి ప్రాణాపాయమైన చక్కెర పడిపోవడాన్ని అసలు చూపలేకపోయేది.

1965లో రక్తపు చుక్కతో రంగు మారే డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీలు, కొన్నేళ్లకు ఆ రంగును చదివే మీటరు వెలువడినా, బరువూ ధరా ఎక్కువైన ఆ యంత్రాన్ని వైద్యుల కోసమే అమ్మేవారు. చిన్ననాటి నుంచి మధుమేహమున్న ఇంజనీరు రిచర్డ్ బెర్న్‌స్టీన్ వైద్యురాలైన భార్య పేరిట దానిని సంపాదించి, రోజుకు పలుమార్లు కొలుచుకుంటూ తన తిండికీ మోతాదుకూ పొత్తు కుదుర్చుకున్నాడు. రోగులు ఇంట్లో నమ్మదగిన కొలత తీయగలరని 1970ల చివర్లో బ్రిటన్ వైద్యుల అధ్యయనాలు నిరూపించాయి.

1993లో వెలువడిన డీసీసీటీ అనే అధ్యయనం, ఇన్సులిన్ మీదనే ఆధారపడే టైప్ 1 మధుమేహమున్న 1,441 మందిని పరిశీలించి, గట్టి అదుపు వల్ల కంటి రెటీనా జబ్బు తలెత్తే ముప్పు 76 శాతం తగ్గుతుందని తేల్చింది. అయితే ఆ అదుపు సాధించినవారు రోజుకు నాలుగుసార్లయినా కొలుచుకోవడమే కాక, నెలనెలా ఆసుపత్రికి వెళ్లి, నడుమ ఫోనులో సలహాలు పొందారు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం కూడా వారిలో దాదాపు మూడింతలైంది. పట్టీల ఖర్చు, సూది నొప్పి, చక్కెర పడిపోతుందన్న భయం, వచ్చిన అంకెను బట్టి ఏం చేయాలో చెప్పేవారు లేకపోవడం అనే అడ్డంకులను తొలగించకుండా, అదుపు తప్పిన ప్రతిసారీ రోగి అశ్రద్ధనే నిందించడం అన్యాయమని ఈ చరిత్ర స్పష్టం చేస్తోంది.