ప్రజారోగ్యమూ, బొక్కసం తాళమూ

మన పాఠ్యపుస్తకాలు 1919 నాటి మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలను రాజ్యాంగ వికాసంలో ఒక మెట్టుగా చెప్పి ఊరుకుంటాయి. ఆ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు తోచేది ఇది: రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం 1937లో పోయింది గాని, అది నేర్పిన విద్య పోలేదు. వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక పరిపాలన భారతీయ మంత్రుల కిచ్చారు. ఆర్థికశాఖను మాత్రం గవర్నరు పక్షం తన చేతిలోనే ఉంచుకుంది. ఆసుపత్రి లేదని తిట్లు తినడం మంత్రి వంతు, డబ్బు లేదని చెప్పడం దొర వంతు. ఈ పంపకం నూరేళ్లలో ఎన్ని వేషాలు మార్చిందో, విజయవాడకు పడమరగా కృష్ణ ఒడ్డునున్న ఇబ్రహీంపట్నం వంటి ఊరిని మనసులో పెట్టుకుని చూస్తే బోధపడుతుంది.

మద్రాసు రాష్ట్రంలో పానగల్ రాజా మంత్రివర్గం 1924లో పల్లెలకు వైద్యమందించే పథక మొకటి పెట్టింది. ప్రతి పల్లెకూ జీతమిచ్చి డాక్టరును పంపే స్తోమతు లేదన్నారు. పల్లెలో కాపురముండి సొంత ప్రాక్టీసు చేసుకునే డాక్టరుకు కొంత సబ్సిడీ ఇచ్చి, బీదలకు ఉచితంగా మందివ్వమన్నారు. డిస్పెన్సరీ నడిపే పూచీ స్థానిక బోర్డులది. జస్టిస్ పార్టీ జమీందార్ల పార్టీయే, సందేహం లేదు. అంతమాత్రాన దీన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. పట్నం దాటని ఇంగ్లీషు వైద్యం పల్లె పొలిమేర తొక్కింది. లోపం మరొకచోట ఉంది. డాక్టరు ఉచితంగా చూడవలసింది బీదలను, బతకవలసింది సొమ్మున్న రోగుల మీద. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ పడవ వైపు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం అంతకంటె గట్టి ప్రయత్నం. మునిసిపాలిటీలు ప్రభుత్వ గ్రాంట్లు పోను తమ ఆదాయంలో 30 శాతానికి, జిల్లాబోర్డులు పన్నెండున్నర శాతానికి తగ్గకుండా ప్రజారోగ్యానికి కేటాయించాలన్నది. 1946లో భోర్ కమిటీ ఈ పద్ధతినే మెచ్చుకుంది. ఐతే ఆ శాతం స్థానిక సంస్థ సొంత ఆదాయంలోంచి. కాలవ నీరు పారే కృష్ణా జిల్లాకూ, కరువు సీమ అనంతపురానికీ శాతం ఒకటే, రూపాయలు ఒకటి కావు. రోగానికి ఈ తేడా తెలియదు గదా! రాష్ట్ర ఖజానా తన వాటా ఎంతో ఆ లెక్కలో చెప్పనే లేదు.

తరువాతి కథ వేగంగా చెప్పవచ్చు. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. సమితి అధ్యక్షుడికి జీపూ హోదా వచ్చాయి. సొమ్ము మాత్రం పై నుంచి పద్దులవారీగా దిగేది. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఆ ఏడే వైద్య విధాన పరిషత్తు పుట్టి, జిల్లా, ఏరియా ఆసుపత్రులు దాని కిందికి వెళ్లాయి.

1994 దగ్గర మాత్రం ఆగాలి. 73వ రాజ్యాంగ సవరణ ననుసరించి ఆ సంవత్సరం కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పంచాయతీల కప్పగించదగిన విషయాలుగా నమోదై ఉన్నాయి. ఆ ఏటి చివరనే పరిషత్తు ఆసుపత్రుల కోసం ప్రపంచ బ్యాంకు 13.3 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. జాబితా పంచాయతీకి, డబ్బు పరిషత్తుకు! మాంటేగు దొర చూస్తే ముచ్చటపడేవాడు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషను జరిగి బతికిన కూలీ ముందు నిలబడి ఆ పథకం దండగ అనలేను. కాని ప్రభుత్వ ధనం ఆపరేషను లెక్కన ప్రైవేటు ఆసుపత్రికి చేరడం దానితో స్థిరపడింది. 2025 సెప్టెంబరులో పది కొత్త ప్రభుత్వ వైద్యకళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని మంత్రివర్గం తీర్మానించినప్పుడు, 1924 నాటి సబ్సిడీ డాక్టరు పెద్ద మేడ కట్టుకుని తిరిగి వచ్చినట్లనిపించింది.

ఇక ఇబ్రహీంపట్నం. ఇక్కడి థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో 210 మెగావాట్లతో మొదలైంది. 2023లో 800 మెగావాట్ల యూనిట్ చేరాక మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లు. బొగ్గు దూరం నుంచి వస్తుంది, కరెంటు దూరానికి పోతుంది, బూడిద ఊరికి మిగులుతుంది. బూడిద చెరువు ఎండి గాలి లేస్తే ఆ దుమ్ము ఎవరి వంటింట్లో పడుతుందో హైదరాబాదులోగాని అమరావతిలోగాని తీర్మానం రాసేవారికి కనపడదు. మురుగు కాలవలు, తాగునీరు పంచాయతీ పూచీ. పొగగొట్టం మీద అధికారం మాత్రం రాష్ట్రస్థాయి మండలిది. 2021లో ఆర్థికసంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద జమకట్టుకున్నారని రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కారు. కరెంటు పుట్టేచోట పొగ, వాడేచోట బకాయి, నిధి మాత్రం రెండుచోట్లా లేదు.

ఇబ్రహీంపట్నం పంచాయతీ ఇప్పుడు కొండపల్లి మునిసిపాలిటీలో కలిసిపోయింది. మునిసిపాలిటీకి 1939 చట్టం రాసిపెట్టినది 30 శాతం. అక్కడి ఉపాధ్యాయులూ విద్యార్థులూ మునిసిపల్ బడ్జెటు ప్రతి తెప్పించుకుని, ప్రజారోగ్యం పద్దు పక్కనున్న అంకెను మొత్తం ఆదాయంతో భాగించి చూడాలి. దాని పక్కనే రాష్ట్ర ప్రభుత్వం వాటా గడి ఒకటి గీసి, అందులో ఏముందో కౌన్సిల్లో అడగాలి.