పారంపర్యమా, ఆచారమా: మదురై వివాదం

సంప్రదాయం అనే ఒక్క మాటను మనం రెండు అర్థాల్లో వాడేస్తాం. నయా రాయపూర్‌లో నాతో కలిసి చదివేవాళ్లలోనూ ఇదే తికమక. కతోలిక శ్రీసభ ఆ రెండింటినీ విడదీస్తుంది. అపొస్తలుల నుంచి అందిన విశ్వాసం పవిత్ర పారంపర్యం. 1546లో ట్రెంట్ మహాసభ దానికి బైబిలుతో సమాన గౌరవం ఇచ్చింది. ఉపవాస నియమాలు, పూజాభాష, గురువుల బ్రహ్మచర్యం వంటివి సభ పెట్టుకున్న ఆచారాలు, క్రమశిక్షణలు. ఇవి మారవచ్చు. తూర్పు కతోలిక సభల్లో పెళ్లయిన గురువులు ఉన్నారు కదా!

నిర్వచనం తేలికే. ఏది ఎందులోకి వస్తుందో తేల్చడమే కష్టం.

1606లో మదురై చేరిన జెస్యూట్ రాబర్టో డి నొబిలి సన్యాసిలా కాషాయం కట్టి, శాకాహారిగా బతికాడు. క్రైస్తవులైన బ్రాహ్మణులు జంధ్యం, పిలక, చందనం ఉంచుకోవచ్చన్నాడు. అవి హోదా గుర్తులే గాని పూజ కావని ఆయన వాదన. 1623లో పోపు 15వ గ్రెగరీ షరతులతో ఒప్పుకున్నాడు.

1704లో పోపు ప్రతినిధి టూర్నాన్ పుదుచ్చేరిలో ఇచ్చిన ఆజ్ఞ స్థానిక ఆచారాలు చాలావాటిని నిషేధించింది. పిళ్లైయార్ బొమ్మ ఉన్న తాళి కూడదంది. పుంగనూరు వైపు తెలుగు నేలపై పనిచేసిన ఫ్రెంచి జెస్యూట్‌ల కర్ణాటక మిషన్‌కూ ఇది వర్తించింది. జ్ఞానస్నానంలో గురువు ఉమ్మితో తాకే రోమన్ పద్ధతిని ఇక్కడివాళ్లు అసహ్యించుకునేవారు, అందుకే మిషనరీలు దాన్ని వదిలేశారు. టూర్నాన్ మాత్రం తప్పనిసరి అన్నాడు. నిజానికి అదీ ఆచారమే. 1969 నాటి కొత్త క్రమంలో ఉమ్మి ఊసే లేదు. రోమ్ ఆచారం పారంపర్యంలా, మన ఆచారం మూఢనమ్మకంలా కనిపించిందన్నమాట.

అంతమాత్రాన మిషనరీలది పూర్తిగా ఒప్పనలేం. జబ్బుపడిన పరయ క్రైస్తవుల ఇళ్లకు గురువులు వెళ్లాల్సిందేనని కూడా ఆ ఆజ్ఞ చెప్పింది. వెళితే పైకులాలవాళ్లు సభను వదిలిపోతారని జెస్యూట్‌లు అభ్యంతరపెట్టారు. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ ఆచారాలపై నిషేధాన్ని ఖాయం చేసినా, పరయల కోసం వేరే మిషనరీలను పెట్టే ఏర్పాటుకు ఒప్పుకున్నాడు. జంధ్యం మీద దశాబ్దాలు వాదించినవాళ్లు అంటరానితనం దగ్గర రాజీపడ్డారు. మెయిన్స్ జవాబులో నేనైతే ఈ వాక్యాన్నే ముందు రాస్తాను.

మలబార్ ఆచారాలకు వ్యతిరేకంగా మిషనరీలు చేయాల్సిన ప్రమాణం 1940లో రద్దయింది. కులం విషయంలో భారత పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం 2016లో గాని రాలేదు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయ్యారు.