వీధిబడిలో తొలి పాఠము

1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రజలలో విద్య యేపాటి వ్యాపించియున్నదో తెలిసికొనగోరి, జిల్లా కలెక్టరులను విచారించి వ్రాయవలసినదిగా నాజ్ఞాపించెను. తెలుగునకు వ్యాకరణము రచించిన క్యాంబెల్ దొర యప్పుడు బళ్లారి కలెక్టరు. మఱుసటియేడు ఆయన పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు నను లెక్కలతోపాటు, బడిపిల్లల దినచర్యయు కన్నులకు గట్టినట్లు వర్ణింపబడినది. ఆ బడులలో 226 తెలుగువి.

బిడ్డ కయిదవయేడు రాగానే తలిదండ్రులు పంతులను, బడిపిల్లలను ఇంటికి బిలిచి, గణపతి ప్రతిమచుట్టు కూర్చుండబెట్టగా, పంతులు బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో దేవతానామములు వ్రాయించెడివాడు. మఱునాటినుండి తెల్లవారుజాముననే బడి. మొదట వచ్చినవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, ఆపై వచ్చినవారికి వరుసగా హెచ్చుచుండును. ఆ సున్నను కల్పించిన పంతులెవ్వరో గాని గొప్ప హాస్యప్రియుడై యుండవలెను!

అక్షరములను వల్లించుటచేత గాక, ఇసుకలో వ్రేలితో దిద్దుటచేతనే నేర్చెడివారనియు, ముందు చదివినవారు వెనుకవారికి చెప్పెడివారనియు క్యాంబెల్ వ్రాసి, ఈ పద్ధతి యింగ్లండువా రనుకరింపదగినదే యని మెచ్చుకొనెను. అనుకరణ మప్పటికే జరిగియుండెను. చెన్నపట్టణములో అనాథబాలుర బడి నడపిన ఆండ్రూ బెల్, ఇచటి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానిపై పుస్తకము ప్రకటింపగా, మన వీధియరుగుల చదువు ‘మద్రాసు పద్ధతి’ యను పేర ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో వ్యాపించెను.

చేతికి ఇసుక, గొంతునకు ఎక్కములు, పద్యములు, నడవడికి పెద్దపిల్లల తోడు. దసరా వచ్చెనా, గిలకలు పట్టి పంతులవెంట ఇంటింట పాడి పప్పుబెల్లములు తినుట! పసివాని దేహమును, మనస్సును వేర్వేరుగా జూడని చదువిది యని చెప్పుటకు నాకు సంకోచము లేదు. అయినను మొద్దుపిల్లవానిని చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయు కోదండమును, మోకాళ్లు నొచ్చువఱకు తీయించు గుంజీలును ఆ యరుగుమీదివే. అర్థము తెలియని పద్యములను చిలుకలవలె పలికించిరనియు క్యాంబెలే యాక్షేపించెను. ఆడపిల్ల యా యరుగెక్కుట మిక్కిలి యరుదు.

క్యాంబెల్ వ్రాసిన నూఱేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1939లో, ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి చెన్నపట్టణపు అడయారులోని దివ్యజ్ఞానసమాజమునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. గరుకుకాగితమునుండి కత్తిరించి యతికించిన యక్షరములను పిల్లలచే వ్రేలితో తడవించుట యామె పద్ధతిలో నొక యంగము. ఇసుకలో ఓనమాలు దిద్దినవారి కది వింత గాదు. ఏ పనిముట్టును చేపట్టవలెనో, దానితో నెంతసేపు గడపవలెనో నిర్ణయించు నధికారము బిడ్డదే యని యామె చెప్పిన మాట మాత్రము, బెత్తము చేతబట్టి పెరిగిన మన పంతుళ్లకు సులభముగా మ్రింగుడుపడునది గాదు.