ప్రేక్షక దేవుళ్ళు, కస్టమర్ దేవుళ్ళు

మొన్నొక బట్టల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర నా ముందున్నాయన అక్కడి అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. రెండు కొంటే ఇస్తామన్న తగ్గింపు బిల్లులో పడలేదు. నిజమే, తప్పు షాపు వాళ్ళదే. కానీ "నీకసలు లెక్కలొచ్చా" దగ్గర మొదలై ఆ అమ్మాయి పెంపకం దాకా వెళ్ళింది వ్యవహారం. ఆ పిల్ల తల వంచుకుని "సారీ సర్, సారీ సర్" అంటూనే ఉంది. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి, ఆయన కూడా ఆ పిల్లనే నాలుగు తిట్టాడు. వెనక గోడకి గాంధీ గారి ఫోటో, కింద కస్టమరే మనకి అతి ముఖ్యమైన అతిథి అనే అర్థంలో నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. బ్యాంకుల్లో, షోరూముల్లో మీరూ చూసే ఉంటారు.

అన్నట్టు, ఆ మాటలు గాంధీ అన్నారనడానికి ఆయన రచనల్లో ఆధారమేమీ దొరకలేదు. 1941లో అమెరికాలో స్టూడిబేకర్ కార్ల కంపెనీ అమ్మకాల అధికారి ఒకాయన పేరుతో దాదాపు ఇవే మాటలు అచ్చయ్యాయి. కార్లమ్మేవాళ్ళ మాట మహాత్ముడి ఖాతాలో పడింది, అంతే.

దీనికన్నా విచిత్రమైన కథ జపాన్‌ది. "ఓక్యాకుసామా వా కామిసామా దేసు" అని అక్కడొక మాట ఉంది. కస్టమరే దేవుడు అని అర్థం. ఇదేదో వాళ్ళ ప్రాచీన సంస్కృతి అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే దాని వయసు అరవై ఏళ్ళ పైచిలుకు, అన్నది ఒక గాయకుడు!

ఆయన పేరు మినామి హరువో (1923-2001). మొదట్లో రోక్యోకు చెప్పేవాడు. మన హరికథకి దగ్గరగా ఉంటుంది, షామిసెన్ వాయిద్యం పక్కన పెట్టుకుని ఒక్కడే కథ చెప్తాడు, పాడతాడు. యుద్ధం అయ్యాక నాలుగేళ్ళు సైబీరియాలో సోవియట్ ఖైదీగా ఉండి తిరిగొచ్చాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ పాటతో ఊరూరా తెలిసిపోయాడు. 1961లో ఒక వేదిక మీద మాటల మధ్యలో, ప్రేక్షకుల్ని దేవుళ్ళుగా చూస్తానన్నాడు. గుళ్ళో దేవుడి ముందు నిలబడినట్టు మనసులో ఇంకేమీ పెట్టుకోకుండా పాడితేనే కళ పండుతుంది అని ఆయన ఉద్దేశం. 1970ల్లో ఒక హాస్య బృందం ఆయన్ని అనుకరిస్తూ ఈ మాటని దేశమంతా తిప్పింది. అక్కణ్ణించి అది షాపుల్లోకి దిగింది.

జపాన్ వాళ్ళకి ఇది ఎంత విడమరిచి చెప్పాల్సొచ్చిందో గానీ తెలుగువాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమౌతుంది. మన హీరోలు ఆడియో ఫంక్షన్లలో "ప్రేక్షక దేవుళ్ళు" అంటారు కదా, అదే ఇది. హీరో అలా అన్నాడని, టికెట్ కౌంటర్లో కుర్రాడు మన కాళ్ళ మీద పడాలని ఎవరన్నా అనుకుంటారా?

జపాన్‌లో నిజంగానే అక్కడిదాకా వెళ్ళింది. 2013లో సప్పోరోలో ఒక బట్టల షాపులో, కొన్న సరుకు బాగాలేదని ఒకావిడ అక్కడి ఉద్యోగుల్ని నేల మీద మోకరిల్లి తల ఆనించి క్షమాపణ చెప్పమంది. చెప్పారు కూడా! ఆవిడ దాన్ని ఫోటో తీసి ట్విట్టర్లో పెట్టింది. తర్వాత పోలీసులు అరెస్టు చేశారు. 2017లో యూఏ జెన్‌సెన్ అనే కార్మిక సంఘం షాపుల్లో పనిచేసే తన సభ్యుల్ని సుమారు 50 వేలమందిని అడిగితే, 70 శాతం పైగా కస్టమర్ల చేతిలో ఇలాంటివి పడ్డామన్నారు. దీనికి "కసుహరా" అని పేరు కూడా వచ్చేసింది, కస్టమర్ హెరాస్‌మెంట్‌కి వాళ్ళ పొట్టి పేరు.

2022 ఫిబ్రవరిలో వాళ్ళ కార్మిక శాఖ కంపెనీల కోసం ఒక మాన్యువల్ వేసింది. అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంది. అడుగుతున్నది న్యాయమేనా? అడిగే తీరు న్యాయమేనా? మా ప్రోగ్రామర్ల భాషలో రెండు వేర్వేరు కండిషన్లు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోదానికి మాఫీ లేదు. పైన చెప్పిన తగ్గింపు ఆయన మొదటి దాంట్లో పాసు, రెండో దాంట్లో ఫెయిలు. అలాగే, గొంతు పెంచాడు కాబట్టి ఆయన డబ్బు ఎగ్గొట్టచ్చు అనడానికీ లేదు. ఇక ఎదురైనప్పుడు ఏం చెయ్యాలంటే, ఉద్యోగిని ఒక్కణ్ణే వదిలెయ్యకూడదు, జరిగింది రాసిపెట్టాలి, పైవాళ్ళు వచ్చి అందుకోవాలి, హద్దు దాటితే పోలీసుల్ని పిలవాలి. నవ్వుతూ భరించు అని ఎక్కడా లేదు. నేర్చుకోవాల్సిన పాఠం సూపర్‌వైజర్‌కే ఎక్కువ ఉంది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. 2024 జూన్‌లో లాసన్ దుకాణాలు పేరు బిళ్ళ మీద అసలు పేరు బదులు పొడి అక్షరాలు పెట్టుకోవచ్చన్నాయి, తిట్టినవాళ్ళు ఆ పేరు పట్టుకుని ఇంటర్నెట్లో వెతుకుతున్నారు మరి. టోక్యో నగర సభ 2024 అక్టోబరులో కసుహరా మీద ఆర్డినెన్సు చేసింది, 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు. శిక్షలేవీ లేవు. కస్టమర్ల హక్కుల్ని అన్యాయంగా తొక్కెయ్యకూడదని అందులోనే ఒక నిబంధన పెట్టారు. 2025 జూన్‌లో, యజమానులే ఉద్యోగుల్ని కాపాడే ఏర్పాట్లు చెయ్యాలని జాతీయ చట్టాన్నీ సవరించారు.

ఆ నిబంధన గురించి చదువుతుంటే మన షాపులే గుర్తొచ్చాయి. గోడకి గాంధీ ఫోటో, దాని పక్కనే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" బోర్డు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చేదాకా మనకి గట్టిగా అడిగే దారే సరిగ్గా లేదు, వచ్చాక కూడా ఫోరమ్ చుట్టూ తిరిగే ఓపిక ఎందరికుంది? హక్కు ఇవ్వడానికి ఖర్చవుతుంది, దేవుడని పిలవడానికి ఖర్చేముంది. పైగా ఆ పిలుపు బిల్లు కట్టేది యజమాని కాదు, నెల జీతం మీద పొద్దున్నుంచి నిలబడి ఉన్న ఆ పిల్ల.

చివరికి బిల్లు సరిచేశారు. ఆయన సంచీ లాక్కుని వెళ్ళిపోయాడు. క్యూలో ఏడెనిమిది మందిమి ఉన్నాం, ఒక్కరం నోరు విప్పలేదు. నేనైతే ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. నా వంతు వచ్చాక ఆ అమ్మాయి కళ్ళెత్తకుండానే అంది, "సారీ సర్, లేటయింది" అని.